పదో కుండ

పోయిన వారం నన్ను పీకల్లోతు నీళ్ళలో, నెత్తిన కుండతో వదిలేసి మీరంతా హాయిగా పేజీ తిప్పేశారు. వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నానేమో అని కంగారు పడకండి, బయటికొచ్చేశాను. ఎలా వచ్చాననేదే అసలు గొడవ. అది చెప్పడానికే ఈ వారం.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం గబగబా చెప్పేస్తా. నా పేరు బాలత్రిపురసుందరి. అంత పొడుగు పిలిచే ఓపిక ఎవరికీ లేక త్రిపురనయ్యాను. గుంటూరులో బీయస్సీ సెకండియర్. స్ట్రైకు అని కాలేజీ మూసేస్తే చిలకలూరిపేటలో మా రాధాకృష్ణమూర్తి మావయ్య దగ్గరికొచ్చి పడ్డాను. మావయ్యకి హైవే మీద ఫొటో స్టూడియో ఉంది. ఆయన పాత జెనిత్ కెమెరా చేతికి రాగానే నాకో పిచ్చి పట్టుకుంది. పరజల్ని, అంటే చలికాలం ఎక్కడ్నించో వచ్చి మన చెరువుల్లో దిగే అడవి బాతుల్ని, దగ్గర్నించి ఫొటో తియ్యాలి. దగ్గరంటే మామూలు దగ్గర కాదు. బాతు కంట్లో నేను కనపడాలి!

దానికి దారి చెప్పింది తుంగలపాలెం ఆదాం బాబాయ్. ఒకప్పుడు బాతుల వేటగాడు, ఇప్పుడు దూది ఏకి పరుపులు కుడతాడు. వాళ్ళ పద్ధతేమిటంటే, తొమ్మిది ఖాళీ కుండలు చెరువులో వదిలేస్తారు. మొదట బాతులు బెదురుతాయి. పది పన్నెండు రోజులకి వాటిని ఒరుసుకుంటూ ఈదుతాయి. అప్పుడు వేటగాడు కళ్ళకి రెండు కన్నాలు పెట్టిన కుండ నెత్తిన బోర్లించుకుని, మెడలోతులో మెల్లగా నడుస్తాడు. బాతులకి అది పదో కుండ, అంతే. నీళ్ళ కిందనించి కాళ్ళు పట్టి ఒక్క లాగు లాగితే పక్క బాతుకి కూడా తెలీదు.

నేను లాగను, ఫొటో తీస్తాను. అందుకని నా కుండ పెద్దది, దానికి మూడో కన్నం. కెమెరా కోసం.

రెండు షరతులు పెట్టాడు బాబాయ్. ఒకటి, నడుముకి తాడు, రెండో కొస గట్టు మీద ఆయన చేతిలో. రెండుసార్లు లాగితే వెనక్కి రావాలి. రెండోది, కుండ నెత్తినున్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదు, ఎవరూ, ఎందుకూ. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు, ఊరంతా చెప్పుకుంటున్నారు కదా. పోయినేడు ఇదే తుంగలపాలెం చెరువులో ఆయన తమ్ముడు సిలార్ కుండ పెట్టుకుని దిగాడు. తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు.

సరే, ఇక నీళ్ళలోకి.

కుండలోపల లోకం వేరండీ. చెవుల్లో నీళ్ళు పోకుండా బాబాయ్ దూది కుక్కాడు. బయటి చప్పుడు ఒక్కటి కూడా రాదు. నా ఊపిరి నాకే ఎవరో పక్కవాళ్ళది లాగా వినపడుతోంది. మంచు ఎంత దట్టంగా ఉందంటే వెనక్కి తిరిగి చూస్తే గట్టు లేదు, బాబాయ్ లేడు. తాడు మంచులోకి వెళ్ళి మాయమైపోతోంది. కాళ్ళ కింద బురద మెత్తగా, వెచ్చగా, నోట్లో అడుగు పెట్టినట్టు.

అప్పుడు వచ్చాయి పరజలు. ముందు నాలుగు, తర్వాత ఇరవై. సూదితోక బాతొకటి, చాక్లెట్ రంగు తల, మెడ పక్కన తెల్లటి గీత, సరిగ్గా నా ముక్కు ముందుకొచ్చి ఈకలు దువ్వుకుంది. దాని ముక్కు మీద నీటిబొట్టు! టక్, ఫట్. కుండలో ఆ చప్పుడు తుపాకీ పేలినట్టుంది, బాతు మాత్రం తల కూడా ఎత్తలేదు. ఇంకొంచెం ముందుకి. టక్, ఫట్. ఇంకొంచెం. పదహారు ఫొటోలు తీశాను, ప్రతిదాంట్లోనూ ముక్కు మీద ఓ నీటిబొట్టు. పదిహేడోదానికి రెండు సూదితోకలు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి. ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, ఫ్రేము నిండిపోతుంది, నా జన్మ ధన్యమైపోతుంది.

అప్పుడే నడుం దగ్గర తాడు రెండుసార్లు లాగింది.

తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. గట్టెక్కి కుండ దించి, పళ్ళు టకటకలాడుతుంటే, "ఏం బాబాయ్, ఇంకో రెండు నిమిషాలు ఆగలేకపోయావా?" అన్నాను. ఆయన నావంక వింతగా చూసి ఏదో అన్నాడు. చెవుల్లో దూది ఇంకా తియ్యలేదు, నాకు వినపడలేదు. తువ్వాలు కప్పుకుని, కెమెరా గుండెలకి హత్తుకుని, పద పద అని సైకిలు వెనకెక్కేశాను. ఆ మాటేమిటో అప్పుడే అడిగుండాల్సింది.

మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఫిల్ము కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, డార్కురూములో కూర్చున్నాం. మావయ్య, నేను, తలుపు దగ్గర ఆదాం బాబాయ్. ఎర్ర బల్బు వెలుతురులో బాబాయ్ జుట్టులోని దూది నలకలు నిప్పురవ్వల్లా ఉన్నాయి.

మా డార్కురూముకి ఒక రోగం ఉంది. హైవే మీద పత్తి లారీ వెళ్తే, నెగెటివ్‌ని పెద్దది చేసి కాయితం మీద వేసే ఎన్‌లార్జరు ఊగుతుంది, ఫొటో చెదిరిపోతుంది. అందుకని చెవులు రిక్కించుకుని, రెండు లారీల మధ్య లైటు వెయ్యాలి.

"ఆగు, లారీ!" అంటాడు మావయ్య. గోడలు వణుకుతాయి. "ఆఁ, వెయ్యి!"

పదహారో నెగెటివ్‌తో మొదలుపెట్టాం. కాయితం డెవలపర్ ట్రేలో పడేశాను. ముందు ముక్కు వచ్చింది, తర్వాత కన్ను, తర్వాత నీటిబొట్టు. నేను గట్టిగా అరిచేశాను.

"అరవకే, బాతు ఎగిరిపోతుంది," అన్నాడు మావయ్య. "బానే తీశావు గానీ, పెళ్ళికూతుర్లా కొంచెం తల వంచుకోమనాల్సింది."

"మావయ్యా, పో!"

"వెనకాల ఇవేమిటే, గుమ్మడికాయలా?"

"కుండలు. తొమ్మిది కుండలు. వెనక మసగ్గా భలే వచ్చాయి కదా!"

బాబాయ్ లేచి వచ్చాడు. ట్రేలోకి వంగి, వేలు నీటికి తగలకుండా గాల్లో తిప్పుతూ లెక్కపెట్టాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మూడోసారి కూడా.

"పది," అన్నాడు.

"పదోది నేనే కదా బాబాయ్."

"నువ్వు కెమెరా వెనక ఉన్నావు పాపా. ఫొటోలో ఎట్టా ఉంటావు?"

నా వీపు మీద ఎవరో చన్నీళ్ళు ఒంపినట్టయింది. నిజమే. నేను తీసిన ఫొటోలో నేనుండను. తొమ్మిదే ఉండాలి.

"ఆగు, లారీ!" అన్నాడు మావయ్య, అలవాటు కొద్దీ. లారీ ఏమీ లేదు. ఆ చప్పుడు నా గుండెదేమో.

మిగతావి గబగబా వేసేశాను. పన్నెండో ఫొటోలో ఆ పదో కుండ దూరంగా, మంచులో బూడిదరంగు మచ్చ. పదమూడులో కొంచెం దగ్గర. పద్నాలుగులో ఇంకా దగ్గర. మిగతా తొమ్మిదీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఇదొక్కటే జరుగుతోంది. పదిహేనులో దానికి కన్నాలు కనపడ్డాయి. రెండు నల్లటి కన్నాలు. పదహారులో అవి తిన్నగా నన్నే చూస్తున్నాయి. నేను బాతు ముక్కు మీద నీటిబొట్టు చూస్తూ మురిసిపోతున్న ఆ క్షణంలో, దాని వెనకాల, పదడుగుల్లో, ఎవరో నన్ను చూస్తున్నారు!

కన్నాల పైన మూడు తెల్లటి బొట్లు. ఎడమ కన్నం అంచు విరిగి ఉంది.

"సున్నపు బొట్లు," అన్నాడు బాబాయ్. గోడ పట్టుకుని నిలబడ్డాడు. "అది మా సిలార్ కుండ."

"నీళ్ళలో పోయిన కుండా?" అన్నాడు మావయ్య.

"కుండ పోలేదు సార్. మర్నాడు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఏడాదిగా జైనాబీ ఇంట్లో దూలానికి వేలాడుతోంది."

జైనాబీ సిలార్ భార్య. నేను ఒకటి రెండుసార్లు చూశాను, మాట్లాడలేదు. తుంగలపాలెం వేటగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మనిషి పోతే అతని కుండ గట్టు మీద పగలగొడతారు. పగిలితే ఇక అతను లేడని అర్థం, ఇంట్లోవాళ్ళు ఏడిచి, ఆపైన బతుకు చూసుకోవచ్చు. జైనాబీ పగలగొట్టనివ్వలేదు. ఏడాది ఆగారు. ఇక ఆగేది లేదన్నాడు పెద్దమనిషి సుభానీ. రేపు శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక కుండ పగులుతుంది. వాడరేవు నించి ఆమె అన్న మాబు వచ్చి ఆమెని తీసుకెళ్ళిపోతాడు. అంతా ఖాయమైపోయింది.

"పద బాబాయ్," అన్నాను, తడి ఫొటోలు పాత పేపర్లో చుట్టి.

"ఏయ్, అన్నం తిని వెళ్ళవే!" అని మావయ్య అరుస్తూనే ఉన్నాడు.

ఆరు మైళ్ళు. సైకిలు వెనక కూర్చున్నాను. దారి పొడుగునా రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి, ఘాటుకి కళ్ళలో నీళ్ళు. బాబాయ్ ఆపకుండా తొక్కుతున్నాడు. సైకిలు హ్యాండిలుకి పొద్దుటి తాడు చుట్ట వేలాడుతోంది, ఇంకా తడి ఆరలేదు, గాలికి దాని తుంపర నా చేతి మీద చల్లగా పడుతోంది.

జైనాబీ వాకిట్లో ఆరేసిన కాయలు ఎత్తుతోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, సన్నగా, కాళ్ళ చర్మం మాత్రం ముసలమ్మలా ముడతలు పడి, తెల్లగా నానిపోయినట్టుంది. అది చూసినా నాకు బుర్ర వెలగలేదు, అంత తెలివి నాది.

"కుండ ఏదమ్మాయ్?" అన్నాడు బాబాయ్.

"ఎందుకు బావా? రేపు కదా పగలగొట్టేది. ఇవాళే చేతులు దురదపెడుతున్నాయా?"

బాబాయ్ తిన్నగా లోపలికెళ్ళాడు, నేనూ వెళ్ళాను. దూలానికి ఉట్టిలో బోర్లా వేలాడుతోంది కుండ. మూడు సున్నపు బొట్లు. విరిగిన కన్నం. దాని కింద మట్టినేల మీద, గుండ్రంగా, చెమ్మ.

నేను చెయ్యి పెట్టి చూశాను. లోపల చల్లగా, తడిగా ఉంది. వేలికి నాచు అంటుకుంది. పచ్చగా, ఇంకా వాడలేదు.

"జైనాబీ," అన్నాడు బాబాయ్. "దీన్ని ఎవరు తీసుకెళ్తున్నారు?"

జైనాబీ గుమ్మంలో నిలబడి చేటలో కాయలు అటూ ఇటూ కదుపుతోంది. నేను పేపరు విప్పి ఫొటోలు వరసగా చూపించాను. చూసింది. ఉలిక్కిపడలేదు. నవ్వింది! నవ్వంటే సంతోషం నవ్వు కాదు, దొంగతనం దొరికిపోయినప్పుడు నవ్వే నవ్వు.

"బాగా పడ్డానే," అంది. "నేనే."

"నువ్వా!"

"నేనే. పొద్దు పొడవకముందే దిగుతా. ఆడది చెరువులో దిగితే ఊరికే ఊరుకుంటారా? కుండ పెట్టుకుంటే ఆడా మగా ఎవరికి తెలుస్తుంది? బాతులకే తెలీదు, మన సుభానీకేం తెలుస్తుంది!"

"ఎందుకమ్మాయ్?" అన్నాడు బాబాయ్.

"ఎందుకా? ఎముకైనా దొరుకుతుందని. ఏడాదిగా వెతుకుతున్నా. గట్టు నించి మొదలుపెట్టి, ఒక్కొక్క అడుగు, కాళ్ళతో తడుముతా. చెరువంతా అయిపోయింది బావా. ఉత్తరం మూల గొయ్యి ఒక్కటే మిగిలింది. అది లోతు, నాకు అందదు. రేపు మా అన్నొచ్చేస్తాడు. మనిషి ఉన్నాడో లేడో తెలీకుండా కుండ పగలగొడితే, నేను ఏమని ఏడవాలి?"

నాకు జాలేసింది. కానీ నిజం చెప్పొద్దూ, లోపల్లోపల హాయిగా కూడా అనిపించింది. హమ్మయ్య, దెయ్యం కాదు, మనిషి! బాబాయ్ వంక చూస్తే ఆయన మొహంలో హాయి లేదు. గుమ్మం పక్కన కూలబడ్డాడు.

"నేను నీకొకటి చెప్పాలి," అన్నాడు.

"చెప్పు."

"ఆ రోజు మంచు లేదు. అంతా కనపడుతోంది. నీళ్ళలో తొమ్మిది కుండలు, సిలార్‌ది పది. నేను గట్టు మీద కూర్చుని ఊరికే లెక్కపెట్టా. పదకొండొచ్చాయి."

చేటలో కాయల చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ లెక్కపెట్టా. పదకొండే. వాడి పక్కనే, మూరెడు దూరంలో, ఇంకోటి. నాకు భయమేసింది. పిలిచేశాను. పేరు పెట్టి, 'సిలారూ!' అని గట్టిగా. వాడి చెవుల్లో దూది, వాడికి వినపడలేదు, వాడి కుండ కదల్లేదు." బాబాయ్ అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "పక్కది తిరిగింది."

బాబాయ్ పైకి చెయ్యెత్తి చూపించాడు.

"పరజలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం నల్లబడిపోయింది. అవి సద్దుకున్నాక చూస్తే తొమ్మిదే ఉన్నాయి. ఊళ్ళో సగంమంది నేనే తోసేశానంటారు. అననీ. పిలిచింది మాత్రం నేనే."

జైనాబీ చేట కింద పెట్టింది. ఏడుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. ఆమె మెల్లగా అడిగింది.

"ఏడాది నా చేతి టీ తాగావు బావా. ఒక్కనాడు చెప్పలేదే?"

బాబాయ్ తల ఎత్తలేదు.

అప్పుడు నాకు వెలిగింది. ఆలస్యంగానైనా వెలిగింది! "అంటే బాబాయ్, నన్ను దింపింది ఫొటోల కోసం కాదా? అది వస్తుందో రాదో చూద్దామనా? నేను ఎరనా?"

"నేను లెక్కపెడితే ఎవరు నమ్ముతారు పాపా?" అన్నాడు, నా కాళ్ళ వంక చూస్తూ. "నీ డబ్బా అబద్ధం చెప్పదుగా. తాడు కట్టాను కదా, ఏమీ కానివ్వను అనుకున్నా. తప్పే. చెప్పుచ్చుక్కొట్టు."

నాకు ఎంత కోపమొచ్చిందంటే, నిజంగా చెప్పు కోసం చూశాను. జైనాబీ మధ్యలోకొచ్చింది.

"తిట్టకు అమ్మాయ్. ఎర వేసినా నీళ్ళలో ఒంటరిగా వదల్లేదుగా. నువ్వు బాతు మీద మోజులో తిన్నగా గొయ్యి వైపు పోతున్నావు. ఇంకొక్క అడుగేస్తే నువ్వూ ఉండవు. అరవకూడదు కదా, నిన్నాపుదామని గబగబా వస్తున్నా. ఈ ఫొటోల్లో దగ్గరికొచ్చింది అందుకే. ఇంతలో బావే నిన్ను లాగాడు, నువ్వు తిరిగావు, నేను వెళ్ళిపోయా."

"అవును, రెండుసార్లు లాగాడు," అన్నాను ముక్కు ఎగబీలుస్తూ. "గట్టు మీదనించి అంత మంచులో గొయ్యి ఎలా కనపడింది బాబాయ్ నీకు?"

బాబాయ్ ఇప్పుడు తల ఎత్తాడు.

"నేను లాగలేదు పాపా. పొద్దున్నే చెప్పానుగా నీకు. నువ్వు వినిపించుకోలేదు."

దూది. చెవుల్లో దూది.

"గట్టేమిటి?" అంది జైనాబీ, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ. "నువ్వు నీళ్ళలోనే ఉన్నావుగా బావా. ఈ అమ్మాయి వెనకాలే, నాలుగడుగుల్లో, కుండ పెట్టుకుని. తాడు పట్టుకుని. నువ్వున్నావు కదా అనే నేను ధైర్యంగా వెళ్ళిపోయా."

"నేను గట్టు దిగలేదు జైనాబీ. నా పంచె కూడా తడవలేదు."

సైకిలు హ్యాండిలుకి వేలాడుతున్న తాడు నించి ఒక్క నీటిబొట్టు వాకిట్లో మట్టి మీద పడింది. ముగ్గురం అది పడ్డ చోటే చూస్తూ ఉండిపోయాం.

ముందు కదిలింది జైనాబీ. ఉట్టి మీదనించి కుండ దించి, కొంగుతో నాచు తుడిచింది. సున్నపు బొట్ల మీద బొటనవేలు ఆనించి, అలాగే ఉంచింది. ఆమె మొహంలో నేను అప్పటిదాకా చూడనిది ఏదో వచ్చింది. భయం అయితే కాదు.

"మనిషిని ముంచేదయితే, గొయ్యి దగ్గర్నించి వెనక్కి ఎందుకు లాగుతుంది బావా?"

"జైనాబీ, వద్దు. అట్టా ఆలోచించకు."

"రేపు మధ్యాహ్నం దాకా టైముంది." నా వైపు తిరిగింది. "అమ్మాయ్, డబ్బాలో కొత్త రీలు వేసుకుంటావా? పొద్దున్నే మళ్ళీ దిగుదాం, నువ్వూ నేనూ. కానీ ఈసారి ఆ మూడో కన్నం ముందుకి కాదు. వెనక్కి పెట్టుకో."

వద్దని చెప్పాలి. మావయ్యకి తెలిస్తే చంపేస్తాడు. నా బుర్ర వద్దు వద్దంటోంది. నోరు మాత్రం ఎప్పటిలాగే నన్నడక్కుండానే "సరే" అనేసింది.

బాబాయ్ లేచి సైకిలు దగ్గరికెళ్ళాడు. తాడు విప్పి, ఒక కొస నించి రెండో కొస దాకా, మూర మూర చొప్పున తడిమి చూశాడు.

"కొస నా చేతిలోనే ఉంటుంది పాపా, వదల్ను," అన్నాడు. "మధ్యలో ఎవరు పట్టుకుంటారన్నది మాత్రం నన్నడక్కు."